డైర్ వుల్ఫ్ పక్కన ఎవరి బొమ్మ పెట్టాలి: తోడేలుదా, రేచుకుక్కదా?

మీ ప్రశ్న ముందు రెండు ముక్కల్లో చెప్తాను, చదివే మిగతావాళ్ళకి కూడా అర్థమవుతుంది. మీది విజయవాడ. పాప ఎనిమిదో తరగతి. స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్‌కి "అంతరించిన జంతువు, బతికున్న దాని చుట్టం" అని చార్ట్ వేస్తోంది. ఎడమ పక్క డైర్ వుల్ఫ్ (అమెరికాలో ఎప్పుడో అంతరించిన, తోడేలు లాంటి జంతువు), కుడి పక్క మన నల్లమలలో గుంపుగా వేటాడే అడవికుక్క, అదే రేచుకుక్క బొమ్మ అతికించింది. టీచర్ గారు చూసి, "ఇది కాదమ్మా, తోడేలు బొమ్మ పెట్టు" అన్నారు. పాప ఒప్పుకోలేదు. చార్ట్ ఎల్లుండి ఇవ్వాలి, ఇంట్లో అందరికీ టెన్షన్.

ఇద్దరిదీ తప్పే. కాకపోతే పాప చేసింది కొంచెం తెలివైన తప్పు. తొందరపడి రేచుకుక్క బొమ్మ పీకెయ్యకండి, దానితో పని ఉంది.

నేను పశువైద్యుణ్ణి. ముప్పై ఏళ్ళ సర్వీసులో పదకొండేళ్ళు మాచర్ల, దుర్గి, వెల్దుర్తి వైపే గడిచాయి. రిటైరయ్యాక గుంటూరులో ఉంటున్నాను. పాతరాతియుగం జంతువుల మీద నాకు డిగ్రీలేవీ లేవు గానీ, పళ్ళు పట్టి చూడటం మాత్రం నా వృత్తి. ఈ కుక్కల చుట్టరికాల గొడవలో సగం పళ్ళ దగ్గరే ఉంది.

ముందు పేర్ల సంగతి. శాస్త్రంలో ప్రతి జంతువుకీ రెండు ముక్కల పేరు ఉంటుంది. మొదటిది ఇంటిపేరు అనుకోండి, రెండోది సొంత పేరు. ఊరకుక్క, తోడేలు, నక్క, ఈ మూడింటి ఇంటిపేరూ కానిస్. (గుంటనక్క వేరు, అది వల్పిస్ వారి పిల్ల.) రేచుకుక్క ఇంటిపేరు క్యువాన్, పూర్తి పేరు క్యువాన్ ఆల్పైనస్. ప్రపంచం మొత్తం మీద ఈ రోజున ఆ ఇంటిపేరుతో మిగిలింది అదొక్కటే. మన దగ్గర ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టాలైపోతామా? "గోత్రం ఏమిటండీ?" అని అడిగాకే అన్నదమ్ముల వరసో, పెళ్ళి చేసుకోదగ్గ వరసో తేలేది. ఇక్కడా అంతే. ఎముకలు, పళ్ళు చూసి పాతకాలం వాళ్ళు ఇంటిపేర్లు పెట్టేశారు. గోత్రం చెప్పేది జన్యువులు. అవి చదవడం వచ్చి ఎంతో కాలం కాలేదు.

డైర్ వుల్ఫ్‌కి జరిగింది ఇదే. 1854లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, ఎవాన్స్‌విల్ దగ్గర ఒహాయో నది ఒడ్డున ఒక దవడ ఎముక బయటపడింది. జోసెఫ్ లైడీ అనే శాస్త్రవేత్త 1858లో దానికి కానిస్ డైరస్ అని పేరు పెట్టాడు. డైరస్ అంటే భయంకరమైనది. తోడేలు ఎముకల్లాగే ఉన్నాయి కాబట్టి తోడేలు ఇంటిపేరే తగిలించాడు. 1918లో జాన్ మెరియం అనే ఆయన, ఇది వేరే ఇల్లు, ఈనోసయాన్ అందాం అన్నాడు. వందేళ్ళపాటు ఆ మాట పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

ఈ జంతువు ఎముకలు కుప్పలుగా దొరికిన చోటు లాస్ ఏంజెలెస్ నగరం నడిబొడ్డున ఉంది. రాంచో లా బ్రేయా తారు గుంటలు అంటారు. భూమిలోంచి తారు ఊరుతుంది, దాని మీద ఆకులూ దుమ్మూ పడి మామూలు నేలలా కనిపిస్తుంది. మే నెలలో బెజవాడలో కొత్తగా వేసిన తారు రోడ్డు మీద మిట్టమధ్యాహ్నం చెప్పు అతుక్కుపోయి, కాలొక్కటే పైకి రావడం మీకు అనుభవమే అయ్యుంటుంది. అలాంటి చోట ఒక అడవిదున్న కాళ్ళు దిగబడి అరుస్తుంటే, ఆ అరుపు విని ఉచిత భోజనం అనుకుని డైర్ వుల్ఫ్‌లు మందలకి మందలే దిగిపోయేవి. అలా వేల ఏళ్ళలో ఒక్క డైర్ వుల్ఫ్‌లే 4,000కి పైగా అక్కడ చిక్కుకుపోయాయి. మ్యూజియంలో ఒక గోడ నిండా 400కి పైగా పుర్రెలు వరసగా పెట్టారు. బరువు 60, 70 కిలోల దాకా ఉండేది. మన మెట్ట ప్రాంతాల్లో తిరిగే తోడేలు 20 కిలోల చుట్టూ ఉంటుంది, పోల్చుకోండి.

ఎముకలు అన్ని దొరికినా తారులో నానిన వాటి నుంచి డీఎన్ఏ రాలేదు. అందుకని యాంజెలా పెర్రీ, ఆమెతో పనిచేసినవాళ్ళు అమెరికాలో వేరే చోట్ల దొరికిన 46 ఎముకలు వెతికి పరీక్షిస్తే, ఐదింటిలో మాత్రమే చదవదగ్గ జన్యువులు మిగిలాయి. 2021 జనవరిలో ఫలితం అచ్చయింది: డైర్ వుల్ఫ్ పాయ సుమారు 57 లక్షల ఏళ్ళ క్రితమే విడిపోయింది. తోడేలుతో పక్కపక్కనే బతికిన కాలంలో కూడా దానితో కలిసి పిల్లల్ని కన్న గుర్తు ఒక్కటీ దొరకలేదు. మెరియం మాట వందేళ్ళ తర్వాత గెలిచింది, ఇంటిపేరు మారింది.

ఇప్పుడు మీ చార్ట్‌కి కావలసిన ముక్క వినండి. ఆ లెక్క ప్రకారం డైర్ వుల్ఫ్ విడిపోయేనాటికి తోడేలూ రేచుకుక్కా ఇంకా ఒకదాన్నుంచి ఒకటి విడిపోలేదు. ఇద్దరి తాతా అప్పటికి ఒకడే. అంటే తోడేలు దానికి ఎంత దూరపు చుట్టమో రేచుకుక్క కూడా సరిగ్గా అంతే దూరం. ఆ మాటకొస్తే మీ వీధి చివర టీ కొట్టు కింద పడుకునే కుక్కా అంతే. టీచర్ గారు చెప్పినట్టు తోడేలు పెట్టొచ్చంటే, పాప పెట్టిన రేచుకుక్కనీ కాదనలేం. రెండిట్లో ఏదీ దగ్గరి చుట్టం కాదు. ఆ ఇంట్లో మిగిలినవాళ్ళు ఎవరూ లేరు.

"మరి డైర్ వుల్ఫ్ మళ్ళీ పుట్టిందని రీల్స్ వచ్చాయి కదా" అని మీరే రాశారు. 2025 ఏప్రిల్‌లో అమెరికాలోని కొలోసల్ బయోసైన్సెస్ అనే కంపెనీ ప్రకటించిన మూడు తెల్లటి పిల్లల సంగతి అది. అవి తోడేళ్ళు. తోడేలు కణాలు తీసుకుని, 14 జన్యువుల్లో 20 చోట్ల మార్పులు చేసి, పెంపుడు కుక్కల కడుపున పెంచారు. తోడేలు జన్యు గ్రంథంలో 240 కోట్ల అక్షరాలుంటాయి. అందులో 20 చోట్ల దిద్దితే ఏమవుతుందో మీరే ఆలోచించండి. పని గొప్పదే, పేరే గొప్పగా పెట్టేశారు. అదే కంపెనీ పాత ఎముకల డీఎన్ఏని ఇంకా లోతుగా చదివి, డైర్ వుల్ఫ్ రెండు పాయలు కలిసి పుట్టిందని కొత్త వాదన పెట్టింది. ఆ చర్చ నడుస్తోంది. చార్ట్‌లోకి దాన్ని తేకండి, చోటు సరిపోదు.

పాప తెలివైన తప్పు చేసిందన్నాను కదా, ఎందుకో చెప్తాను.

వెల్దుర్తి మండలంలో పనిచేసేటప్పుడు ఒక ముసలి గొర్రెల కాపరి గుడ్డలో చుట్టి ఒక కింది దవడ తెచ్చాడు. వాగులో దొరికిందట. "అయ్యా, ఇది మన కుక్కదా, రేసుకుక్కదా?" అన్నాడు. (అటు వైపు రేచుకుక్క అనీ అంటారు, రేసుకుక్క అనీ అంటారు. పందేలకి తిప్పే కుక్క అనుకోకండి.) అతని భయం అతనిది. ఆ వాగు పక్కనే అతని మంద దొడ్డి.

దవడ సైజు చూస్తే మన నాటుకుక్కదే అనిపించింది. పళ్ళు లెక్కపెట్టాను. కుక్కకి కింది దవడలో ఒక్కో పక్క 11 పళ్ళుంటాయి: ముందు 3 కొరుకు పళ్ళు, ఒక కోరపన్ను, 4 చిన్న దవడ పళ్ళు, 3 పెద్ద దవడ పళ్ళు. ఆ చివరి మూడోది బఠాణీ గింజంత ఉంటుంది, వెనకాల దాక్కుని. ఈ దవడలో అది లేదు. రాలిపోయిందేమో అని వేలితో తడిమాను. పన్ను ఊడితే గుంట ఉంటుంది, గుంట పూడినా గరుకు తగులుతుంది. ఇక్కడ ఎముక నున్నగా ఉంది. అక్కడ పన్ను ఎప్పుడూ మొలవలేదు. రెండో పక్క కూడా అంతే. కుక్కకి మొత్తం 42, రేచుకుక్కకి 40. ఆ తేడా వచ్చేది ఇక్కడే.

ఇంకో గుర్తు కూడా ఉంది. పెద్ద దవడ పళ్ళలో మొదటిది మాంసం కోసే కత్తెర పన్ను. కుక్కకి ఆ పన్ను ముందు భాగం కత్తిలా ఉన్నా, వెనక భాగం చిన్న రోలులా పల్లంగా ఉండి, పక్కన రెండు మొనలుంటాయి. అన్నం, రొట్టె, ఎముక ముక్క, ఏది పెట్టినా నూరుకోడానికి అది పనికొస్తుంది. రేచుకుక్కకి వెనక భాగంలో కూడా ఒకటే మొన, కత్తి అంచులా లేచి ఉంటుంది. నూరే పని దాదాపు లేదు, కోసి మింగడమే. "రేసుకుక్కదే" అన్నాను. ముసలాయన మాట్లాడకుండా గుడ్డ దులుపుకుని వెళ్ళిపోయాడు. దవడ మాత్రం ఫారెస్టు వాళ్ళకి అప్పజెప్పాను. అడవిలో ఏ ఎముక దొరికినా ఇంటికి తెచ్చుకోకండి, చట్టం ఒప్పుకోదు.

ఈ కత్తి పన్ను ఎంత పెద్దవాళ్ళని బోల్తా కొట్టించిందో చూడండి. ఇలాంటి పన్నే ఆఫ్రికా అడవికుక్కకీ ఉంది, దక్షిణ అమెరికాలో బుష్ డాగ్ అనే పొట్టి కాళ్ళ జంతువుకీ ఉంది. జార్జ్ గేలార్డ్ సింప్సన్ అంటే గత శతాబ్దంలో ఈ విద్యలో మహా పండితుడు. ఆయన 1945లో ఈ మూడింటినీ తీసుకెళ్ళి ఒకే ఉపకుటుంబంలో కూర్చోబెట్టాడు. తర్వాత జన్యువులు చూస్తే బుష్ డాగ్ గోత్రమే వేరు, దాని చుట్టాలందరూ దక్షిణ అమెరికాలోనే ఉన్నారు. ఒకే రకం తిండికి అలవాటు పడితే తరతరాలుగా పళ్ళు ఒకేలా తయారవుతాయి, అది కూడా లక్షల ఏళ్ళ మీద. పుట్టుకతో సంబంధం అక్కర్లేదు. సింప్సన్ అంతటివాడే పోలిక చూసి మోసపోతే ఎనిమిదో తరగతి పిల్లని ఏమంటాం? పైగా పాప పోలిక కూడా చూడలేదు. "రెండూ గుంపుగా వేటాడతాయి, రెండూ ఒట్టి మాంసం తింటాయి" అని తిండినీ బతుకునీ చూసి కలిపిందని రాశారు. అందుకే తెలివైన తప్పన్నాను.

ఇప్పుడు అసలు చుట్టం దగ్గరికి వద్దాం. రేచుకుక్కకి నిజంగానే అంతరించిపోయిన ఒక దగ్గరి చుట్టం ఉంది. చూడటానికి రెండింటికీ పొంతన తక్కువ.

ఇటలీకి పడమట మధ్యధరా సముద్రంలో సార్డీనియా అనే దీవి. దాని పైన కోర్సికా. మంచుయుగంలో ఈ రెండు దీవుల్లో సైనోథీరియం సార్డౌస్ అనే చిన్న అడవికుక్క ఉండేది. బరువు పది కిలోల దగ్గర, అంటే మన నక్క అంత. దీని పూర్వీకులు మాత్రం చిన్నవి కావు. జెనోసయాన్ అనే పెద్ద అడవికుక్కలు అప్పట్లో యూరప్, ఆసియా అంతా తిరిగేవి. వాటిలో కొన్ని దీవికి చేరి చిక్కుకుపోయాయి. దీవిలో మేత తక్కువ, వేట తక్కువ. తరతరాలకీ ఒళ్ళు చిన్నదైపోతూ వచ్చింది. గుంపుగా చేరి పెద్ద జింకని పడగొట్టే వంశం, కుందేలు జాతికి దగ్గరైన ప్రోలాగస్ అనే చెవులు పొట్టి చిన్న జంతువుని పట్టుకు తినడానికి దిగింది. పుర్రె, మెడ ఎముకలు పరీక్షించినవాళ్ళు ఇంకో సంగతి చెప్పారు: ఇది తలని బాగా కిందికి దించి, పక్కకి వాల్చి పాకగలిగేది. పొదలో చిన్న ప్రాణి మీద పొంచి దూకేవాడికి కావలసిన మెడ అది. రేచుకుక్క చేసే వేటకీ దీనికీ సంబంధం లేదు.

19వ శతాబ్దం మధ్యలోనే దీని ఎముకలకి పేరు పెట్టారు. కానీ ఇది ఎవరి తాలూకు అనేది చాలాకాలం తేల్చుకోలేకపోయారు. ఒకరు నక్క వైపు లాగితే ఇంకొకరు తోడేలు వైపు లాగారు. కోర్బెద్దు అనే గుహలో దొరికిన 21,000 ఏళ్ళ నాటి ఎముక నుంచి డీఎన్ఏ తీసి చదివారు. అది కూడా 2021లోనే తేలింది. బతికున్నవాటిలో దానికి అందరికన్నా దగ్గర మన రేచుకుక్కే. రెండు పాయలూ విడిపోయి సుమారు 8 లక్షల 85 వేల ఏళ్ళు. డైర్ వుల్ఫ్ 57 లక్షల పక్కన ఇది నిన్నా మొన్నా లాంటిది. పైగా విడిపోయాక కూడా చాలాకాలం అప్పుడప్పుడు కలిశాయి. సముద్ర మట్టం తగ్గినప్పుడు దాటి వచ్చేవి కాబోలు. మంచుయుగం ముగిసేనాటికి ఆ దీవి కుక్క కథ ముగిసింది.

అందుకని రేచుకుక్క బొమ్మ అక్కడే ఉంచండి. మార్చాల్సింది ఎడమ పక్క బొమ్మని.

"నల్లమల ఎక్కడ, ఇటలీ ఎక్కడ" అని టీచర్ గారు అడగొచ్చు. అడిగితే ఇది చెప్పమనండి: రేచుకుక్క మంచుయుగంలో స్పెయిన్, ఫ్రాన్స్, ఇటలీల్లో కూడా తిరిగింది. ఎముకలు దొరికాయి. మెక్సికోలో సాన్ హోసెసితో అనే గుహలో కూడా దొరికాయి. అంత దూరం వెళ్ళిన జంతువు ఇప్పుడు ఇండియా, ఆగ్నేయాసియా, చైనాల్లో ముక్కలు ముక్కలుగా మిగిలింది. అంతర్జాతీయ లెక్కల్లో పిల్లలు కనే వయసువి 949 నుంచి 2,215 మధ్య. మన వైపు కూడా పాత జంతువుల జాడలు తక్కువేమీ కాదు. బేతంచెర్ల దగ్గర బిలస్వర్గం గుహల్లో 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త, ఆయన కొడుకు తవ్వితే ఖడ్గమృగం, మచ్చల హైనా ఎముకలు బయటపడ్డాయి. ఈ రోజున ఆ రెండూ మన రాష్ట్రం అడవుల్లో లేవు.

నేను రేచుకుక్కల్ని కళ్ళారా చూసింది మూడుసార్లే. ఒకసారి దోర్నాల నుంచి శ్రీశైలం పోతున్నాం. ఉదయం ఆరింటికి గేటు తీశారు, మాదే రెండో కారు. ఒక మలుపులో డ్రైవర్ బ్రేకు వేశాడు. ఏడు. ఇటుక రంగు ఒళ్ళు, తోక మాత్రం కుంచెలా గుబురుగా, నల్లగా. ఆరు రోడ్డు దాటేశాయి. ఏడోది మధ్యలో ఆగి కారు వైపు చూసింది, భయం లేదు, కోపమూ లేదు. అప్పుడు పొదలోంచి ఒక ఈల వినబడింది. కుక్క అరుపు కాదు, సైకిలు ట్యూబులోంచి గాలి సన్నగా పోతున్నట్టు. వెంటనే ఏడోది కూడా దిగిపోయింది. ఇవి మొరిగి పిలుచుకోవు, దట్టమైన అడవిలో ఒకరినొకరు ఈలతోనే వెతుక్కుంటాయి.

చెడ్డపేరు మాత్రం చాలా మోసింది. పులిలా గొంతు పట్టి చంపదు, పరుగెత్తుతున్న దాన్ని వెనక నుంచీ పొట్ట నుంచీ చీల్చేస్తుంది. చూసేవాళ్ళకి కడుపులో తిప్పుతుంది. బ్రిటిషు కాలంలో దీన్ని చంపి తెస్తే బహుమానం ఇచ్చేవారు. పల్నాడు కాపరులు ఇంకో కథ చెప్తారు: అది తోకకి ఉచ్చ పట్టించి పులి కళ్ళలో కొడుతుందట, పులి గుడ్డిదైపోతుందట. నేను నవ్వితే ఒకాయనకి కోపం వచ్చింది. చిన్న జంతువుల గుంపు పులిని కూడా బెదరగొట్టి తరమడం అతను నిజంగా చూసి ఉండొచ్చు. దానికి అతనికి తోచిన కారణం అది.

డాక్టరుగా నా అసలు బాధ వేరు. అడవి అంచు పల్లెల్లో టీకాలు లేని కుక్కలు. వాటి డిస్టెంపర్ (కుక్కలకి వచ్చే ఒక వైరస్ జబ్బు), రేబిస్, గజ్జి ఒక రేచుకుక్కకి అంటుకుంటే గుంపు మొత్తానికి పాకుతుంది, ఒకదాని మూతి ఒకటి నాకే జంతువులు కదా. పులి ఒంటరిది, దానికి ఆ ప్రమాదం తక్కువ.

చార్ట్ విషయంలో కొన్ని జాగ్రత్తలు. నెట్‌లో ఇంగ్లీషులో అడవికుక్క అని కొడితే ముందు ఆఫ్రికాది వస్తుంది. ఒంటి నిండా రంగు మచ్చలు, పళ్ళేల్లాంటి గుండ్రటి చెవులు ఉంటే అది మనది కాదు. "ఢోల్" అని వెతకండి. బతికున్నదాన్ని చూపించాలంటే విశాఖ జూకి తీసుకెళ్ళండి, వాటిని అక్కడే సంతతి పెంచుతున్నారు. సార్డీనియా కుక్కకి ఫొటో ఉండదు, ఎముకల బొమ్మలే దొరుకుతాయి. దాని రంగేమిటో ఎముకలు చెప్పవు కాబట్టి పాపని పెన్సిల్‌తోనే గీయమనండి. రేచుకుక్క పక్కన నిలబెడితే కొంచెం పొట్టిగా కనిపించాలి. కింద రెండు దవడలు కూడా గీస్తే బాగుంటుంది, ఒకటి ఊరకుక్కది, ఒకటి రేచుకుక్కది, 11 పళ్ళు, 10 పళ్ళు అని రాసి. ఊరకుక్క దవడ కోసం వీధికుక్క నోరు తెరవబోకండి. దగ్గర్లో ఉన్న పశువుల ఆసుపత్రికి వెళ్ళి అడగండి, కుక్క పళ్ళ పటం ఉంటే ఫోన్‌లో ఫొటో తీసుకోండి.